డాక్టరమ్మ జవాబులు: చలి కన్నా చీకటితోనే జాగ్రత్త

తిరుపతిలో చాలాకాలం జనరల్ ఫిజీషియన్‌గా పనిచేసి రిటైరైన డాక్టరమ్మ, చలికాలం గురించి పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈ నెల జవాబులిస్తున్నారు.

ప్రశ్న: డాక్టరమ్మా, ఈ నెల చలికాలం ప్రశ్నలకే జవాబులని పోయిన సంచికలో వేశారు. మన తిరుపతిలో డిసెంబరులో కూడా మా ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. లేని చలికి ఇంత హడావుడి దేనికండీ?
– ఒక పాఠకుడు, భవానీనగర్, తిరుపతి

జవాబు: మీ ఇంట్లో ఫ్యాను తిరిగేది దోమల కోసమని నా అనుమానం. అయినా మీరన్నదాంట్లో నిజం లేకపోలేదు. కింద తిరుపతిలో మనం బీరువాలోంచి స్వెట్టరు తీసి, కలరా ఉండల వాసన పోయేదాకా ఆరబెట్టేలోపు సంక్రాంతి వచ్చేస్తుంది. కానీ ధనుర్మాసంలో, అదే సుప్రభాతం బదులు తిరుప్పావై చదివే నెలలో, ఒక్కసారి తెల్లవారుజామున కొండ మీద నిలబడి చూడండి. అప్పుడు ఇదే ఉత్తరం మళ్లీ రాయండి.

ఇంకో సంగతి. ఈసారి వచ్చిన ఉత్తరాల మీద ఊరి పేరు తిరుపతి, చిత్తూరు, మదనపల్లె అనే ఉంది. లోపల బాధ మాత్రం చాలావరకు కెనడాది, జర్మనీది. మా వీధిలో పిల్లలు బయటి దేశాల్లో లేని ఇల్లు వెతుక్కోవాలి. వాళ్ల చలికాలం ఇప్పుడు మన చలికాలం కూడా అయిపోయింది.

ప్రశ్న: మా అమ్మాయికి డిసెంబరులో పురుడు. నవంబరు మొదట్లో కెనడాలోని ఎడ్మంటన్ వెళ్లి ఏప్రిల్ దాకా ఉండాలి. నాకు 59 ఏళ్లు, బీపీకి మాత్ర వేసుకుంటాను. రోజూ నాలుగున్నరకు లేచి, వాకిట్లో ముగ్గు పెట్టి, కపిలతీర్థం దాకా నడిచి వచ్చే మనిషిని. మా పక్కింటావిడ నిరుడు అక్కడ ఉండి వచ్చింది. "జైలే అక్కా, నేనైతే రోజూ బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని" అంటోంది. అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఏం తీసుకెళ్లాలి? అన్నాళ్లు ఎలా గడపాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ పక్కింటావిడ అబద్ధం చెప్పలేదు. ఆ ఊళ్లో మా అబ్బాయి కొన్నేళ్లు ఉన్నాడు, ఆ చలి నేనూ చూశాను. నవంబరులో పడ్డ మంచు మార్చి దాకా కరగదు. మైనస్ 10 డిగ్రీలంటే అక్కడ మామూలు రోజు. మైనస్ 30 కూడా చూస్తారు. కానీ ఇంటి లోపల 20, 21 డిగ్రీలు ఉంచుతారు. డిసెంబరు పొద్దున మీ వాకిట్లో ఉండేదానికన్నా అది వెచ్చనే. కాబట్టి ఆవిడను బాత్రూములో ఏడిపించింది చలి కాదు. వెలుతురు చాలకపోవడం, పలకరించే మనిషి లేకపోవడం. స్వెట్టర్ల సంగతి మీ అమ్మాయి చూసుకుంటుంది. ఈ రెండింటికీ ఏర్పాటు మీరే చేసుకోవాలి, అదీ విమానం ఎక్కకముందే.

వెలుతురు లెక్క చూడండి. డిసెంబరు చివర్లో మన తిరుపతిలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటల 20 నిమిషాలు ఉంటుంది. అదే రోజు ఎడ్మంటన్‌లో ఏడున్నర గంటలే. మీరు ఇక్కడి అలవాటుతో నాలుగున్నరకు లేచి కూర్చుంటే తెల్లవారడానికి నాలుగు గంటలు పైనే పడుతుంది. ఆ చీకట్లో ఇంట్లోవాళ్లందరూ నిద్రపోతుంటే ఒక్కరే సోఫాలో కూర్చోవడం, అదిగో, దిగులు మొదలయ్యేది అక్కడే. అందుకని వెళ్లిన మొదటి రెండు వారాల్లోనే లేచే వేళను మెల్లగా ఆరున్నరకు జరపండి. లేచిన వెంటనే వంటింట్లో, హాల్లో దీపాలన్నీ వేసేయండి. కరెంటు బిల్లు గురించి మీ అల్లుడు ఏమీ అనుకోడు. అనుకుంటే నా పేరు చెప్పండి.

రోజుకొకసారి, పదకొండుకో పన్నెండుకో, అరగంట బయట నడవండి. ఇది మీ బీపీ మాత్ర ఎంతో అంత. మబ్బుగా ఉన్నా సరే, బయటి వెలుతురుతో పోలిస్తే గదిలోని దీపం దేనికీ పనికిరాదు. ఆ ఊరి విచిత్రం ఒకటుంది. చలి బాగా ముదిరిన రోజుల్లోనే ఆకాశం నిర్మలంగా ఉండి, మంచు మీద ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. నడక మానేసేది మాత్రం గాలితో కలిపి చలి మైనస్ 25 దాటినప్పుడు. మైనస్ 28 దగ్గర నుంచి కప్పుకోని చర్మం పది నిమిషాల నుంచి అరగంట లోపు గడ్డకట్టవచ్చని అక్కడి వాతావరణ శాఖే హెచ్చరిస్తుంది. చెవి తమ్మె, ముక్కు కొన, వేళ్ల చివర్లు ముందు పోతాయి. తెల్లగా మారి స్పర్శ తెలియకపోతే రుద్దకూడదు, లోపలికి వచ్చి గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. స్పర్శ రాకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

అలాంటి రోజుల్లో పెద్ద మాల్‌కి వెళ్లి నడవండి. చలిదేశాల్లో మీ వయసు వాళ్లు చాలామంది చేసే పనే అది. ఇంకా మంచి చోటు ఒకటి చెబుతాను. మట్టార్ట్ కన్జర్వేటరీ అని ఆ ఊళ్లో నాలుగు గాజు పిరమిడ్లు ఉన్నాయి. అందులో ఒకదాంట్లో మనలాంటి వేడి దేశాల మొక్కలు పెంచుతారు. బయట మంచు, లోపల ఉక్కపోత. కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకి లోపలికి అడుగుపెట్టగానే అద్దాలు మసకబారిపోతాయి. తుడుచుకుని చూస్తే ఎదురుగా అరచేతులంత పచ్చటి ఆకులు, తడి మన్ను వాసన. టికెట్టు ఉంటుంది. అయినా జనవరిలో మీకు ఆ వాసన అవసరం పడుతుంది.

బట్టలు ఇక్కడ కొనకండి. గాంధీరోడ్డులో దొరికే స్వెట్టరు, మంకీ క్యాపు ఆ చలికి ఓ మూలకు రావు. అక్కడే కొనుక్కోవాలి: ఒంటికి అంటుకునే థర్మల్స్, దాని మీద ఉన్నిది, పైన గాలి చొరబడని కోటు. లోపల నూలు బట్ట వద్దు. చెమట పట్టి తడిస్తే అది ఆరదు, ఒళ్లంతా చల్లబడిపోతుంది. చేతులకు ఐదు వేళ్ల గ్లవుజుల కన్నా వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చన. బూట్లు మందపాటి ఉన్ని సాక్సు వేసుకున్నాక కూడా వేళ్లు కదిలేంత వదులుగా ఉండాలి. చీర ఇంట్లో కట్టుకోండి. బయటికి మాత్రం చుడీదారో ప్యాంటో వేసుకోండి. తడిసిన కుచ్చెళ్లు బూటు కింద పడితే మీ పని అయిపోయినట్టే. ఆ వయసులో అక్కడ నన్ను భయపెట్టింది న్యుమోనియా కాదు, తుంటి ఎముక. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిన చోట నేల తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది, కాలు పెడితే జారుతుంది. చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి. చేతులు జేబుల్లో ఉండకూడదు. బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు దొరుకుతాయి, కొనిపించుకోండి.

హీటర్ల వల్ల ఇంట్లో గాలి బాగా పొడిబారిపోతుంది. పెదాలు పగులుతాయి, ముక్కులోంచి చిన్నగా రక్తం కూడా రావచ్చు. గాబరా పడకండి. స్నానం ఐదు నిమిషాల్లో ముగించి, నీళ్లు గోరువెచ్చగా మాత్రమే పెట్టుకుని, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే నూనె రాసుకోండి. కొబ్బరినూనె అక్కడ వెళ్లిన రోజు నుంచి వచ్చే రోజు దాకా గడ్డకట్టే ఉంటుంది. స్పూనుతో తవ్వుకునే ఓపిక లేకపోతే నువ్వుల నూనె వాడండి. బాలింతకీ బిడ్డకీ సాంబ్రాణి పొగ వేయాలని మీ మనసు లాగుతుంది, నాకు తెలుసు. తలుపులు బిగించిన ఇంట్లో ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. పైగా పొగ అలారం కూసి బిల్డింగు మొత్తం లేస్తుంది.

ఇక మందులు. బీపీ మాత్రలు ఉండబోయే రోజులన్నిటికీ సరిపడా, చేతి సంచిలో పెట్టుకోండి. మందుల చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. ఫ్లూ టీకా, కోరింత దగ్గు బూస్టరు వేయించుకుని వెళ్లండి. ఆ దగ్గు మనకు చిన్న సంగతి, పురిటి బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్సులో మీకు బీపీ ఉన్న సంగతి దాచకుండా రాయండి. విటమిన్ డి గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. ఎడ్మంటన్ అంత ఉత్తరాన అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండలో కూర్చున్నా చర్మం విటమిన్ డి తయారు చేయలేదని 1980లలోనే అక్కడ కొలిచి చూశారు. మన చర్మపు రంగుకు మామూలుగానే ఎండ ఎక్కువ కావాలి. మీ వయసుకు రోజుకు 600 యూనిట్లు కావాలి, 70 దాటినవాళ్లకు 800. అక్కడి పాలల్లో కొంత కలిపే అమ్ముతారు, మిగతాది మాత్రతో సరిపోతుంది. మన దగ్గర వారానికొకటి రాసే 60,000 యూనిట్ల గోళీలు ఊరికే మంచిదని నెలల తరబడి మింగకండి. అవి లోపం ఉన్నవాళ్లకి, డాక్టరు చెప్పినన్ని వారాలకే.

మనుషుల సంగతికొస్తే, మీ అమ్మాయికి రాత్రుళ్లు నిద్ర ఉండదు, పగలు మాట్లాడే ఓపిక ఉండదు. అల్లుడు ఆఫీసు. మీకు మిగిలేది టీవీ, ఫోను. తిరుపతి వాళ్లతో గంటలకొద్దీ వీడియో కాల్ మాట్లాడితే మనసు అక్కడ, ఒళ్లు ఇక్కడ. రోజుకొక్క కాల్, అదీ సాయంత్రం వంట అయ్యాక పెట్టుకోండి. మధ్యాహ్నం నడకలో ఎదురయ్యే వాళ్లకి "హలో" చెప్పండి. వాళ్లు వాతావరణం గురించి ఏదో అంటారు, మీరు చేతులు రుద్దుకుంటూ నవ్వితే చాలు, వారం తిరిగేసరికి పరిచయమైపోతుంది. ఇంగ్లీషు రాదని ఆగకండి. పబ్లిక్ లైబ్రరీలో పసిపిల్లలకి పాటలు, కథలు చెప్పే గంట ఒకటి ఉంటుంది. బిడ్డకు కాస్త నెలలు నిండాక మీ అమ్మాయితో వెళ్లండి. మీలాగే పురుటికి వచ్చిన పంజాబీ, గుజరాతీ అమ్మమ్మలు అక్కడే దొరుకుతారు.

చేతికి పని కూడా కావాలి. మన వైపు జనవరిలో అనపకాయలు రాకపోతే చలికాలం వచ్చినట్టే ఉండదు కదా. అక్కడ ఇండియన్ షాపుల్లో ఫ్రీజర్‌లో "సుర్తీ పాప్డీ లిల్వా" అని ప్యాకెట్లు ఉంటాయి, అవి మన అనపగింజల జాతివే. రాత్రి నానబెట్టి, పొద్దున కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని ఒక్కొక్క గింజ రెండు వేళ్ల మధ్య పట్టి పితకండి. తోలు వేళ్లకే అంటుకుని, పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతుంది. కొన్ని గిన్నె దాటి సోఫా కిందికి పోతాయి. మీ అల్లుడిని కూడా కూర్చోబెట్టండి, గంట ఎలా గడిచిందో తెలియదు. ఉల్లిపాయ, టమాట, అల్లంవెల్లుల్లి, ధనియాలు, కొబ్బరి వేసి పితికిపప్పు కూర చేసి, వేడి వేడి రాగిసంగటితో పెట్టండి. బాలింతకు కారం తగ్గించి వేరే తీయండి.

వాకిట్లో ముగ్గు పెట్టలేరు, మంచు మీద పిండి కనపడదు. లోపల గడప దగ్గర పీట మీద పెట్టుకోండి. రోజూ ఒకే వేళకి.

ప్రశ్న: చలి రోజుల్లో పడుకునే ముందు ఒక మూత బ్రాందీ వేసుకుంటే ఒళ్లు వెచ్చబడుతుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: వెచ్చబడినట్టు అనిపిస్తుంది, అంతే. మందు లోపలికి వెళ్లగానే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి. ఒంట్లోని వేడి చర్మంలోకి వచ్చి అక్కడి నుంచి బయటికి పోతుంది. మొహం వెచ్చగా ఉంటుంది, లోపల గుండె దగ్గర చల్లబడుతుంది. పలమనేరు చలికి ఇంకో దుప్పటి చాలు. మూతతో ఆగిన మనిషిని నా ప్రాక్టీసులో పెద్దగా చూడలేదు కూడా.

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు. బెర్లిన్‌లో ఎమ్మెస్ చదువుతున్నా. ఇది మొదటి చలికాలం. నవంబరు నుంచి ఎంత పడుకున్నా నిద్ర తీరడం లేదు. పదకొండు, పన్నెండు గంటలు పడుకుంటున్నా. లేచినా కాళ్లూ చేతులూ బరువుగా ఉంటాయి. పొద్దస్తమానం చిప్స్, బ్రెడ్డు, చాక్లెట్లు తినాలనిపిస్తుంది, లావయ్యాను. క్లాసులు ఎగ్గొడుతున్నా. వారంలో మూడు రాత్రులు గోడౌన్‌లో పార్ట్ టైమ్ పని. అమ్మకు చెబితే దిష్టి తగిలిందంటుంది, నాన్నకు చెబితే బద్ధకం అంటాడు. నాకేమైంది?
– ఒక విద్యార్థి

జవాబు: నాయనా, నువ్వు రాసిన లక్షణాలు వరసగా చదువుతుంటే వైద్యం పుస్తకంలో పేజీ చదివినట్టుంది. ఎక్కువ నిద్ర, పిండి పదార్థాల మీద యావ, బరువు పెరగడం, కాళ్లూ చేతులూ సీసం పోసినట్టు ఉండటం. చలికాలంలో వచ్చి ఎండాకాలానికి పోయే డిప్రెషన్ ఒకటుంది. అమెరికాలో నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1984లో దానికి పేరు పెట్టి వివరంగా రాశారు. సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు. నీకున్నది అదేనని మాత్రం నేను ఇక్కడ కూర్చుని తేల్చను. వరసగా రెండేళ్లు అదే కాలంలో వచ్చి పోతే గానీ ఆ ముద్ర వేయకూడదు, నీకిది మొదటి ఏడు. థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ లోపాలు కూడా ఇలాగే పడుకోబెడతాయి. నీకు అక్కడ హెల్త్ ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంటుంది, దగ్గర్లోని డాక్టరు దగ్గరికి వెళ్లి రక్త పరీక్షలు చేయించుకో.

దిష్టి కాదు, బద్ధకమూ కాదు. మీ నాన్నకు ఈ పేజీ పంపు. మన ఒంట్లోని గడియారాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుతురు. అది కంట్లో పడితే నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆగుతుంది, పగలు మొదలైందని ఒంటికి తెలుస్తుంది. బెర్లిన్‌లో డిసెంబరు పగలు ఏడున్నర గంటల పైచిలుకు, అందులోనూ రోజుల తరబడి మబ్బే. నువ్వు రాత్రంతా గోడౌన్‌లో ఉండి, మిగిలిన ఆ కాస్త పగలూ కర్టెన్లు మూసి పడుకుంటున్నావు. వెలుతురు ఎప్పుడు చూస్తున్నట్టు మరి?

కాబట్టి మొదట మార్చాల్సింది ఆ నైట్ డ్యూటీ. డబ్బు అవసరం నాకు తెలుసు, పని మానమనడం లేదు. పగటి షిఫ్టో, సాయంత్రం షిఫ్టో అడుగు, తక్కువ వచ్చినా ఫర్వాలేదు. ఆదివారంతో సహా రోజూ ఒకే వేళకి లే. ఎనిమిది గంటలు దాటి పడుకోకు, ఇంకా నిద్ర వస్తున్నా సరే. మధ్యాహ్నం తినేముందు అరగంట బయట నడువు, వాన పడుతున్నా జాకెట్ టోపీ వేసుకుని వెళ్లు.

లైట్ బాక్స్, అదే ఇలాంటి దిగులుకు వాడే వెలుతురు పెట్టె గురించి నువ్వు అడగలేదు గానీ, చెప్పాల్సిందే. మామూలు గదిలో వెలుతురు వంద, రెండొందల లక్స్ ఉంటుంది. ఆఫీసులో ఐదొందలు. ఈ పెట్టె 10,000 లక్స్ ఇస్తుంది. పొద్దున లేచిన గంట లోపు దాన్ని ముఖానికి ఒకటిన్నర, రెండు అడుగుల దూరంలో పక్కగా పెట్టుకుని అరగంట కాఫీ తాగు, చదువుకో. దానివైపే తేరిపార చూడక్కర్లేదు, కళ్లు తెరిచి ఉంటే చాలు. రాత్రిపూట మాత్రం పెట్టుకోకు, ఉన్న నిద్ర కూడా పాడవుతుంది. పెట్టె మీద 10,000 లక్స్ ఎంత దూరంలో అన్నది రాసి ఉందా, అతినీలలోహిత కిరణాలను ఆపుతుందా అన్నది చూసి కొను. కొన్ని చవకరకాలు ముక్కు ఆనిస్తే గానీ ఆ లెక్కకు రావు. నొప్పులకు వాడే ఎర్రలైటు దీనికి పనికిరాదు. పనిచేసేటట్టయితే ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. కంటి రెటీనా జబ్బు ఉన్నవాళ్లు, ఎప్పుడైనా మానియా, అంటే అదుపు లేని హుషారు, వచ్చినవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు. కొన్ని మందులు కూడా వెలుతురుకు పడవు, ఏవైనా వాడుతుంటే చెప్పు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పొద్దున గుడ్డో, పెసలో, పెరుగో ఏదో ఒకటి కడుపులో పడితే సాయంత్రం చాక్లెట్ మీద యావ కొంత తగ్గుతుంది. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు కదా, ఖాళీ ఫ్రిజ్‌తో గదిలో పడి ఉండే రోజు అదే. శనివారమే సరుకులు తెచ్చుకుని, ఆదివారం నలుగురు కలిసి వండుకోండి. ఊరిబిండి ఎవరికి బాగా వస్తే వాళ్లింట్లో. నువ్వు వెళ్లాలనిపించకపోయినా వెళ్లు. ఈ జబ్బులో ఉత్సాహం వచ్చాక కదులుదామంటే ఏప్రిల్ దాకా అది రాదు. ముందు కాళ్లు కదలాలి, మనసు తరవాత వస్తుంది. ఇది నా సొంత మాట కాదు, డిప్రెషన్‌కి ఇచ్చే వైద్యంలో ఒక పద్ధతే అది.

మీ యూనివర్సిటీ విద్యార్థుల కోసం స్టుడీరెండన్‌వెర్క్ అనే విద్యార్థి సేవల సంస్థ వాళ్లు కౌన్సెలింగ్ నడుపుతారు. అపాయింట్‌మెంట్ తీసుకో. అక్కడికి వెళ్తే పిచ్చోడంటారని అనుకోకు, సగం క్లాసు వెళ్లి వచ్చి ఎవరికీ చెప్పకుండా ఉంటుంది. బతకడం దండగ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ అపాయింట్‌మెంట్ కోసం ఆగకు. 112కి ఫోన్ చెయ్యి, లేదా 0800 1110111కి. ఆ రెండోది ఉచితం, రాత్రీ పగలూ మనిషి ఉంటాడు. ఇక్కడున్న మన వాళ్లకైతే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మతో మాత్రం గొడవ పడకు. ఆమె ఉప్పు తిప్పితే తిప్పనీ. వీడియో కాల్‌లో తల వంచితే నీకేం పోయింది?

ప్రశ్న: మా వారికి 71 ఏళ్లు. రిటైర్డ్ టీచర్. మదనపల్లెలో ఈ చలికి నాలుగున్నరకే లేచి చన్నీళ్ల స్నానం చేసి, ఒక్క చొక్కాతో వాకింగ్‌కి పోతారు. "నలభై ఏళ్ల అలవాటు" అంటారు. బీపీకి మాత్ర వేసుకుంటారు, అయినా ఈ మధ్య చూపిస్తే 150 దాటింది. రాత్రి మాత్రం చలి అని కుంపట్లో బొగ్గులు రాజేసి పడకగదిలో పెట్టుకుని, తలుపులు కిటికీలు బిగిస్తారు. మీరైనా చెప్పండి.
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: సార్‌కి ముందు కుంపటి గురించి చెప్పండి, ఈ రాత్రే. బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బిగించిన గదిలో అది నిండితే నిద్రలోనే మనిషి పోతాడు, దగ్గు కూడా రాదు. ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు కదా, ఇది మీ ప్రాణం సంగతి కూడా. వాకిట్లో చలి కాచుకుని, కుంపటి బయటే వదిలేసి లోపలికి రండి. మంచానికి ఇంకో గొంగళి, కాళ్లకు ఉన్ని సాక్సు, కావాలంటే రబ్బరు సంచిలో వేడినీళ్లు.

ఇక నడక. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండెపోట్లు, పక్షవాతాలు చలికాలంలో, అందులోనూ తెల్లవారు వేళల్లో ఎక్కువ. నిద్ర లేచిన వెంటనే చన్నీళ్లు, ఆ మీదట ఎదురు గాలి, 71 ఏళ్ల గుండెకు రెండు దెబ్బలూ ఒకేసారి. నడక మానమని నేను అనను, మానేస్తే ఆయన మీ మీద అరుస్తారు. ఏడు తరవాత వెళ్లమనండి, నీరెండ పడ్డాక. స్వెట్టరు, చెవులు కప్పే టోపీ, స్నానానికి గోరువెచ్చటి నీళ్లు. తిరిగి వచ్చాక మిద్దె మీద వీపు ఎండకు పెట్టి పేపరు చదువుకోమనండి. టీచరుగారు కాబట్టి ఊరి చరిత్రే గుర్తు చేయండి. పక్కనే ఆరోగ్యవరంలో వందేళ్ల కిందటే క్షయ ఆసుపత్రి పెట్టారు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ అనే మందు రాకముందు అక్కడ రోగులకు ఇచ్చిన వైద్యంలో ముఖ్యమైనవి మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి, తిండి. మదనపల్లె గాలికి అంత పేరుంది, దాన్ని చీకట్లోనే పీల్చాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

150 అన్నది ఒక్కసారి చూసిన లెక్కయితే కంగారు వద్దు, అలాగని వదిలేయనూ వద్దు. మోచేతి పైన దండకు కట్టే బీపీ మిషన్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి. వారం రోజులు పొద్దున మాత్రకు ముందు, రాత్రి పడుకునే ముందు చూసి రాయండి. చూసే ముందు ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. కాఫీ తాగిన అరగంట లోపు చూడకూడదు. స్వెట్టరు చేతి మీద కట్టకూడదు, చెయ్యి బయటికి తీయాలి. ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. చలికాలానికి మందు మోతాదు మార్చాల్సి వస్తే ఆయన మారుస్తారు. ఎండలు ముదిరాక మళ్లీ చూపించుకోండి, అప్పుడు బీపీ తగ్గి అదే మోతాదు ఎక్కువై కళ్లు తిరగవచ్చు.